అవ్వకు లీవు

ఒక చోట కూర్చోవడం నాకు రాదు. కాలికి బలపం కట్టుకుని పుట్టావని మా అమ్మ తిట్టేది. ఈ నాలుగు ముక్కలు రాయడానికే ఇప్పటికి మూడుసార్లు లేచాను. ఒకసారి టీకి, రెండుసార్లు ఊరికే. వేరేవాళ్ళ తప్పు గురించి రాయమంటే ఈపాటికి పది పేజీలు నింపేసేవాణ్ణి. ఇది నా తప్పు. అందుకని చెయ్యి కదలడం లేదు, కాళ్ళు ఆగడం లేదు.

మాది కడప జిల్లా. ఖతర్ వచ్చి పన్నెండేళ్ళు దాటింది. ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో టైమ్ కీపర్ని. ఎవరు డ్యూటీ ఎక్కారో, ఎవరు దిగారో రాసుకోవడం నా ఉద్యోగం. డిగ్రీ వెలగబెట్టిన పుణ్యాన ఇంగ్లీషు రాయడం వచ్చు కనుక క్యాంపులో తెలుగువాళ్ళ కాగితాలన్నీ నా చేతి మీదుగానే పోతాయి. లీవు కావాలన్నా, హెల్మెట్ మార్చాలన్నా, పంటి నొప్పికి క్లినిక్‌కి పోవాలన్నా ఫారం నింపేది నేనే. ఆ పని నాకెవరూ అప్పగించలేదు. తగుదునమ్మా అని నేనే నెత్తిన వేసుకున్నాను. అడగకపోయినా ఇంకొకరి పనిలో తలదూర్చడం మా వంశంలో ఉంది.

నేను వచ్చిన కొత్తలోనే మా రాష్ట్రం రెండయింది. అది ఇక్కడి నుంచి ఎంతో దూరంలో జరిగిన సంగతి కదా, మాకేమిటి అనుకుంటారు. అప్పటి మా క్యాంపులో ఆ వారమే వంటగది కూడా రెండయింది. ఎవరూ గీత గీయలేదు. కిటికీ వైపు పొయ్యిల మీద తెలంగాణవాళ్ళు, తలుపు వైపు పొయ్యిల మీద ఆంధ్రావాళ్ళు. వాళ్ళకు సొంతిల్లు దొరికిన సంబరం, వీళ్ళకు కట్టుకున్న ఇల్లు పోయిన మంట. మధ్యలో నేను సీమవాణ్ణి. తెలంగాణవాళ్ళ మీద కోపం వచ్చినప్పుడు మాత్రం కోస్తావాళ్ళకు నేను 'మనోడు', మామూలు రోజుల్లో నా మాటకు నవ్వేవాళ్ళు. కొన్నాళ్ళకు గదులు కూడా విడిపోయాయి. ఒకే బస్సులో సైటుకు పోయి, ఒకే కొలాయి కింద చేతులు కడుక్కుని, ఎవరి గదికి వాళ్ళు వెళ్ళేవాళ్ళం.

రెండేళ్ళ కిందట కంపెనీ మమ్మల్ని దోహా శివార్లలో మెసైమీర్ దాటాక ఉన్న కొత్త క్యాంపుకు మార్చింది. గదులు పంచే క్యాంప్ బాసు మలయాళీ. అతని కాగితంలో ఆంధ్రా, తెలంగాణ అని లేదు. 'తెలుగు, ఇరవై ఇద్దరు' అని ఉంది. అది చూడగానే నాకు పూనకం వచ్చింది. నేను పుట్టకముందెప్పుడో మద్రాసు కింద ఉన్న మా సీమనూ కోస్తానూ, నిజాం కింద ఉన్న వాళ్ళ తెలంగాణనూ ఒకే భాష కదా అని కలిపారు. అరవయ్యేళ్ళకు కాస్త తక్కువగా కలిసి ఉన్నాం, పొసగలేదు. పెద్దపెద్దవాళ్ళ వల్ల కానిది నేను మెసైమీర్‌లో ఎనిమిది గదుల్లో చేసి చూపిద్దామనుకున్నాను. క్యాంప్ బాసు చెవిలో జోరీగలా రెండు రోజులు తిరిగి ఒక పద్ధతి ఒప్పించాను. తెలుగువాళ్ళంతా ఒకే వరసలో ఉండాలి. అయితే ఏ గదిలోనూ ఒకే జిల్లా వాళ్ళు ఇద్దరు ఉండకూడదు. కలిస్తే అలా కలవాలి అన్నాను. ఆయన నన్నొక పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి సంతకం పెట్టాడు.

మా గదిలో ముగ్గురం. నేను, అమలాపురం నుంచి వచ్చిన ఒక ఎలక్ట్రీషియన్, జగిత్యాల దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక స్కఫోల్డింగ్ పనివాడు. గోడల చుట్టూ ఇనుప పైపులతో మంచె కట్టేది ఈయనే. ముప్పయ్యయిదేళ్ళుంటాయి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. మాట తక్కువ. నన్ను అన్నా అనేవాడు. నేను మా వైపు చిన్నవాళ్ళను పిలిచినట్టు అబ్బీ అనేవాణ్ణి. మొదట్లో ఆ పిలుపు తిట్టేమోనని అనుమానపడ్డాడు, తర్వాత అలవాటైపోయింది.

నిజం చెప్పాలంటే ఆ మొదటి ఏడాది బాగానే గడిచింది. మాటల తేడాలు మాకు కాలక్షేపం. ఒకసారి అనపకాయలు తెమ్మని అమలాపురం ఆయన్ని పంపాను. మా సీమలో అవి చిక్కుడు జాతి, గింజలు ఒలుచుకుని కూర చేస్తాం. ఆయన చంకన పెట్టుకుని చిన్నపిల్లంత సొరకాయ తెచ్చాడు. వాళ్ళకు ఆనపకాయ అంటే అదట. జగిత్యాలాయన కూడా అదే అన్నాడు. ఇద్దరూ ఒకటై నన్ను వారం రోజులు ఏడిపించారు. నేను నవ్వుతూనే, తెలుగువాళ్ళ మధ్య తేడా అంటే ఇంతే, ఒక దీర్ఘం, మిగతాదంతా రాజకీయం అని ఉపన్యాసం ఇచ్చాను. పైగా నాకు తెలంగాణ మాట కొట్టినపిండి అనే నమ్మకం ఒకటి. హైదరాబాద్‌లో రెండేళ్ళు ఉన్నాను మరి. జర, గిట్ల, ఏంది అని మూడు మాటలు మధ్యమధ్యలో వేసి, వాళ్ళలో ఒకణ్ణయ్యానని మురిసిపోయేవాణ్ణి.

అసలు సంగతికి వస్తాను. చెప్పేదేదో ముందే చెప్పేస్తే నాకు సులువు. మా కడపలో అవ్వ అంటే నానమ్మ, లేకపోతే అమ్మమ్మ. అవ్వా తాతా అంటాం. జగిత్యాల వైపు అవ్వ అంటే కన్నతల్లి. ఇది తెలియనివాడు తెలుగువాళ్ళందరినీ కలపబోయాడు.

పోయిన ఎండాకాలం మా సైటు అల్ రువైస్‌లో. ఉత్తరాన సముద్రం ఒడ్డున, చేపల పడవలు ఆగే చోటికి దగ్గర్లో గోడౌన్లు కడుతున్నాం. క్యాంపు నుంచి బస్సులో గంటన్నర. ఎండాకాలం పది దాటితే బయటి పని ఆపేస్తారు, మళ్ళీ మూడున్నరకు మొదలు. ఆ మధ్య సమయంలో అందరూ షెడ్డులో పడుకుంటారు. నాకు పగటి నిద్ర పట్టదు కనుక కాగితాలు ముందేసుకుని కూర్చునేవాణ్ణి. ఒక సోమవారం జగిత్యాలాయన ఫోన్ చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉప్పుగాలికి అందరి కళ్ళూ అలాగే ఉంటాయి, పట్టించుకోలేదు.

"అన్నా, మా అవ్వకు మంచిగ లేదట. కరీంనగర్ దవాఖానల ఏసిండ్రు. లీవు రాయి," అన్నాడు.

మా కంపెనీలో ఎమర్జెన్సీ లీవు అమ్మకు, నాన్నకు, భార్యకు, పిల్లలకు మాత్రమే. అడిగిన మర్నాడే టికెట్ ఇస్తారు. మిగతా బంధువులకైతే మామూలు లీవు వరసలో పెట్టాలి, వంతు వచ్చేసరికి నెల పడుతుంది. ఆ నియమం నాకు కంఠోపాఠం. నానమ్మకు బాగా లేదని ఎమర్జెన్సీ అడిగి తిరిగొచ్చిన ఫారాలు నేనే నాలుగైదు చూశాను. ఫారంలో బంధుత్వం గడిలో 'గ్రాండ్ మదర్' అని రాసి, మామూలు లీవు అని టిక్కు పెట్టి సంతకానికి ముందుకు జరిపాను. అతనికి ఇంగ్లీషు రాదు. సంతకం పెట్టి, టికెట్ రేపిస్తరా అని అడిగాడు.

అవ్వకైతే ఎమర్జెన్సీ ఇవ్వరు, నెల ఆగాలి అని చెప్పాను. అతను నమ్మలేనట్టు నా ముఖంలోకి చూశాడు.

"గదేంది అన్నా? అవ్వకు ఇయ్యకుంటే ఇంకెవలకిస్తరు?"

నాకు చిరాకు. ఆ పూట లెక్కలో ఇద్దరి హాజరు తేడా వచ్చి తల వాచిపోయి ఉంది. రూలు నేను పెట్టానా అన్నాను. అక్కడితో ఆగినా సరిపోయేది. ఓదార్చాలనిపించి ఇంకో మాట కలిపాను.

"ఊరుకో అబ్బీ. వయసైపోయినాక అందరి అవ్వలూ పొయ్యేవాళ్ళే గదా. దానికెందుకింత ఇదయిపోతావు?"

అతను ఫోన్ జేబులో పెట్టుకుని షెడ్డు బయటికి, ఆ మండే ఎండలోకి నడిచి వెళ్ళిపోయాడు. అర్థం చేసుకున్నాడులే అనుకున్నాను. ఇది గుర్తొచ్చినప్పుడల్లా నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ తర్వాత మూడు రోజులు మా వరసలో ఏదో తేడా వచ్చింది. అతను అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడు. పక్క గదుల్లో తెలంగాణవాళ్ళు నన్ను చూసి మాట ఆపేస్తున్నారు. వరంగల్ నుంచి వచ్చిన పెద్దాయన, రోజూ నాతో టీ తాగే మనిషి, మంగళవారం కప్పు పట్టుకుని వేరే బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఎవరూ ఏమీ అనరు. ఏమైందని నేనూ అడగలేదు, అడిగితే చిన్నతనం అనిపించింది. గదిలో కూర్చోలేక వరండాలో, వరండాలో ఉండలేక గేటు దాకా, అలా తిరిగాను. మళ్ళీ ఆ పాత రాష్ట్రాల గొడవే ఎక్కడో రాజుకున్నట్టుంది అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. వాళ్ళేమనుకుంటున్నారో నాకు తర్వాత తెలిసింది. తల్లి చావుబతుకుల్లో ఉంటే లీవు రాయనన్నాడు, పైగా అందరి తల్లులూ పోయేవాళ్ళే అన్నాడు ఈ ఆంధ్రోడు అని. అమలాపురం ఆయన మాత్రం, ముసలావిడ గురించి ఇంత బెంగేంటండి అని నన్నే అడిగాడు. అవ్వ అంటే ఆయనకూ ముసలావిడే. వాళ్ళ వైపు వాళ్ళకు అభిమానాలెక్కువ లెండి అన్నాను నేను, అన్నీ తెలిసినవాడిలా.

గురువారం తెల్లవారి బస్సులో అతను నా ముందు సీట్లో కూర్చున్నాడు. అల్ షమాల్ రోడ్డెక్కాక సగం మంది నిద్రపోయారు. అతను ఊరికి ఫోన్ చేశాడు. బస్సు హోరులో వినపడక స్పీకర్ పెట్టాడు.

"అమ్మమ్మా, అవ్వ కండ్లు తెరిసిందా?"

అవతల నుంచి ఒక ముసలి గొంతు వచ్చింది. వణుకుతోంది.

"లేదు బిడ్డా. నిన్నటి సంది పలుకుతలేదు. నా కడుపుల పుట్టిన పిల్ల, నాకంటె ముందుగాల పోతదా? దుబాయి నుంచి ఎప్పుడస్తవు బిడ్డా? నీ పేరే తలిసింది నీ తల్లి."

మొదట నాకేమీ అర్థం కాలేదు. అమ్మమ్మ ఫోన్‌లో మాట్లాడుతుంటే, మరి ఆసుపత్రిలో ఉన్నదెవరు? అప్పుడు 'నా కడుపుల పుట్టిన పిల్ల' అనే మాట బుర్రకెక్కింది. ఆ వెంటనే సోమవారం నా నోటి నుంచి వచ్చిన మాట, అతనికి ఎలా వినిపించి ఉంటుందో అలాగే వినిపించింది. సీటు పట్టుకుని లేచి నిలబడ్డాను. అతని భుజం మీద చెయ్యి వేసి, బాగా లేనిది మీ అమ్మకా అని అడిగాను.

అతను వెనక్కి తిరిగి చూశాడు. కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది.

"మరి నేనేం జెప్పిన అన్నా?"

బస్సు అల్ రువైస్ చేరేదాకా నేను కూర్చోలేదు. అవ్వ అంటే మా దగ్గర వేరు, నేను తప్పు రాశాను, ఇవాళ సరిచేయిస్తాను అని రెండు మూడుసార్లు చెప్పాను. అతను తల ఊపాడు. ఆఫీసు దోహా పక్కన ముఐథర్‌లో ఉంది, మేము వచ్చిన దారంతా వెనక్కి పోవాలి. గురువారం ఒంటిగంటకు మూసేస్తారు. శుక్ర, శనివారాలు సెలవు. అంటే ఆ పూట సంతకం కాకపోతే ఆదివారం దాకా ఏమీ జరగదు. సైట్ ఇంజినీరుకు కాళ్ళు మొక్కినంత పని చేసి, సామాన్లు దింపి వెనక్కి పోతున్న పికప్‌లో ఎక్కాను. ఆ పాకిస్తానీ డ్రైవర్ నింపాదిగా నడిపే మనిషి. దారిలో రొట్టె కోసం ఆపాడు. నేను దిగి బండి చుట్టూ మూడుసార్లు తిరిగాను. నన్ను చూడలేక సగం రొట్టె చేత్తో పట్టుకునే యల్లా, పోదాం పద అని బండెక్కాడు.

లీవుల కాగితాలు చూసేది యెమెన్ దేశస్థుడు. ఆ దేశంలో దక్షిణాన ఉన్న ఏడెన్ నుంచి వచ్చాడు, నలభై దాటిన మనిషి, గదిలో ఎప్పుడూ ఏలకుల టీ వాసన. హిందీ, అరబీ, ఇంగ్లీషు మూడూ కలిపి మాట్లాడతాడు. నేను రాసిన కొత్త ఫారం తీసుకున్నాడు, సోమవారం ఫారం వెతికి పక్కన పెట్టాడు, రెండింటి మీదా ఒక్కో వేలు ఆనించాడు.

"సోమవారం నానమ్మ, గురువారం అమ్మ. ఆదివారానికి ఎవరు?" అన్నాడు.

తప్పు అతనిది కాదు, నాది అన్నాను. అందరూ అదే చెబుతారు అన్నాడు. ఆసుపత్రి కాగితం, తల్లి అని రుజువు తెచ్చుకుని ఆదివారం రమ్మన్నాడు. గోడ గడియారంలో పన్నెండుంబావు. నాకు ఒళ్ళు మండిపోయింది, అరవబోయి ఆపుకున్నాను. కుర్చీ చూపించాడు. కూర్చోకుండానే చెప్పడం మొదలుపెట్టాను. మా వైపు అవ్వ అంటే నానమ్మ సార్, వాళ్ళ వైపు అవ్వ అంటే అమ్మ అని చెప్పాను. మీ ఇద్దరిదీ ఒకే భాష అని కదా మీ క్యాంప్ లిస్టులో ఉంది, ఒకే వరసలో గదులు కావాలన్నదీ నువ్వే కదా అన్నాడు. ఒకే భాషే అన్నాను. మరి? అన్నాడు. మరి అంటే ఏం చెప్పను? మేము ముందు వేరువేరు సర్కార్ల కింద ఉండేవాళ్ళం, భాష ఒకటని కలిపారు, కలిసి చాలా ఏళ్ళున్నాం, మళ్ళీ విడిపోయాం, ఇక్కడ నేను కలిపాను అని ఏకరువు పెట్టాను. నా చెవికే అది తలాతోకా లేని కథలా వినపడింది.

ఆయన చేతిలో పెన్ను కింద పెట్టాడు. ఆ తర్వాత చెప్పింది నాకు గుర్తున్నంత వరకు ఇది. ఆయన స్కూల్లో ఉన్నప్పుడు ఉత్తర, దక్షిణ యెమెన్లు రెండూ ఒకటయ్యాయి. ఆ రోజు వాళ్ళ వీధి వీధంతా రోడ్డు మీదే ఉందట. వాళ్ళ నాన్న ఏడవడం అదే మొదటిసారి చూశాడట, సంతోషంతో ఏడ్చాడు. నాలుగేళ్ళు తిరగకుండా రెండు వైపులా తుపాకులు పట్టుకున్నారు. అదీ అయిపోయింది, దేశం ఒక్కటిగానే మిగిలింది. నాన్న ఆఫీసులో పై కుర్చీల్లోకి ఉత్తరం వాళ్ళొచ్చారు. ఈయన ఉత్తరాన ఉన్న సనా ఊరి పిల్లను ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళమ్మ చనిపోయేదాకా కోడల్ని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదట. ఉత్తరపుది వంట చేసిందా, ఉత్తరపుది పడుకుందా అని అడిగేదట.

"నా పిల్లలు దోహాలో పుట్టారు," అన్నాడు. "యెమెన్ చూడలేదు. స్కూల్లో ఇంకో యెమెన్ పిల్లవాడు కలిస్తే మొదట అడిగేది పేరు కాదు. మీది ఏ వైపు అని."

నేను అప్పటికి కూర్చున్నాను. నా కథ నమ్మాడా, తన కథ గుర్తొచ్చి జాలిపడ్డాడా, నాకు తెలియదు. పెన్ను మళ్ళీ తీసి, అబద్ధమైతే పాపం నీ మెడ మీద అని అరబీలో అని, సంతకం పెట్టాడు. శుక్రవారం పొద్దుటి ఫ్లైట్‌కు టికెట్ చెప్పాడు. నేను గుమ్మం దగ్గరే ఫోన్ చేసి జగిత్యాలాయనకు చెప్పాను. క్షమించమని అడుగుదామని గొంతు సవరించుకున్నాను. అతను, ఎన్ని గంటలకన్నా అని మాత్రం అడిగాడు.

శుక్రవారం అతను గాలిలో ఉండగానే ఆమె పోయింది. సాయంత్రానికి ఊరు చేరాడు, దహనం అందింది. ఈ కబురు నాకు వరంగల్ పెద్దాయన చెప్పాడు. చెప్పడానికే నా గదికి వచ్చాడు, గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"మంగళారం దాక మంచిగనే మాట్లాడిందట. పిల్లగాడు అస్తుండా అని అడుగుకుంటనే ఉన్నదట," అన్నాడు.

సోమవారం నేను ఆ గడిలో సరైన మాట రాసి ఉంటే అతను మంగళవారం సాయంత్రానికి ఆ మంచం పక్కన ఉండేవాడు. ఒక పూట. ఎక్కువలో ఎక్కువ ఒక పూట మాట్లాడుకుని ఉండేవాళ్ళు. ఆ పూట నేను పోగొట్టాను. దీన్ని ఎన్ని రకాలుగా చెప్పుకున్నా చివరికి ఇక్కడికే వస్తుంది.

అతను లేని నెలన్నర నేను ఒక చోట నిలవలేదు. సైటులో అవసరం లేకపోయినా రెండుసార్లు హాజరు తీసుకున్నాను. అతని మంచం మీద దుప్పటి దులిపి మడత పెట్టాను, మళ్ళీ విప్పి మళ్ళీ పెట్టాను. తిరిగొచ్చాక ఏం చెప్పాలో వందసార్లు అనుకున్నాను. వచ్చాడు. గుండు మీద వెంట్రుకలు కొంచెం మొలిచాయి, మనిషి చిక్కాడు. చెప్పాలనుకున్నదంతా గజిబిజిగా చెప్పేశాను. నీ తప్పేం లేదన్నా, మాట అసుంటిది అన్నాడు. ఆ రోజు చాలా కాలానికి కడుపునిండా తిన్నాను.

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఒక వారం పోయాక ఒక సంగతి పట్టింది. నాతో మాట్లాడేటప్పుడు అతను పోయిన, అచ్చిన అనడం మానేశాడు. వెళ్ళాను, వచ్చాను అంటున్నాడు. దవాఖాన పోయి ఆసుపత్రి వచ్చింది. టీవీలో వార్తలు చదివేవాళ్ళలా ఒక్కో మాటా కూడబలుక్కుని, నాకు పొరపాటు పడే వీలు లేకుండా మాట్లాడుతున్నాడు. పక్క గదిలో తనవాళ్ళతో మామూలుగానే నవ్వుతున్నాడు, నేను గుమ్మంలోకి రాగానే బడిపంతులు ముందు నిలబడ్డ మనిషైపోతున్నాడు. మీ మాటలోనే మాట్లాడు అబ్బీ అన్నాను ఒకసారి. అలాగే అండీ అన్నాడు. 'అన్నా' కూడా పోయింది.

ఆ నెలాఖరు శుక్రవారం నేను బట్టలు ఉతుక్కుని వచ్చేసరికి అతను పరుపు చుడుతున్నాడు. సూట్‌కేసు తలుపు దగ్గర ఉంది. క్యాంప్ బాసును అడిగి గది మార్పించుకున్నాడట. ఆ ఫారం నా చేతి మీదుగా రాలేదు. ఎక్కడికి అంటే, వెనక వరసలో నేపాలీల గదికి అన్నాడు. నాకు కోపం తలకెక్కింది. తెలంగాణవాళ్ళ గదికి పోతానంటే అర్థం ఉంది, నా మీద అలిగావనుకుంటాను, నీ మాట ఒక్క ముక్క తెలియనివాళ్ళ మధ్య ఏం చేస్తావు అని అరిచాను. అమలాపురం ఆయన మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు.

అతను తాడు ముడి వేసి, నడుం నిటారుగా చేసుకుని నా వైపు తిరిగాడు. ఊరి నుంచి వచ్చాక అతని సొంత మాట నాతో మాట్లాడింది అప్పుడే.

"ఆళ్ళకు నా మాట రాదని ఆళ్ళకు ఎర్కే అన్నా. అందుకే ఏమన్న చెప్తె, ఏంది ఏంది అని నాలుగుసార్లు అడుగుతరు. నువ్వు ఒక్కసారి గూడ అడగలే."

నేను తడి బట్టలు మంచం మీద పడేశాను. పరుపు రెండో కొస పట్టుకున్నాను. నేపాలీల గది దాకా ఇద్దరం మోసుకెళ్ళాం.